సమాధుల తోటలో తంగేడు

గల్ఫ్‌లో ఏం పని చేశావని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ సూటిగా జవాబు చెప్పడం రాదు. తాపీ పని చేసొచ్చినవాడు తాపీ పని అంటాడు, బండి నడిపినవాడు డ్రైవర్నంటాడు. నేను మాత్రం పిచ్చిమొక్కలు పెంచి వచ్చాను. కంచె వేసిన ఎడారిలో, తినే కాయ కాయని, నీడ ఇవ్వని ఒక పొదను చిన్న సంచుల్లో మొలిపించి, ఇసుకలో నాటి, ట్యాంకర్ నీళ్లతో బతికించడం నా పని. దాన్ని అక్కడ అర్ఫజ్ అంటారు. ఒకప్పుడు ఎడారి నిండా అదే ఉండేదట. ఒంటెలూ గొర్రెలూ మేసి, బండ్లు తొక్కి అది పోయాక ఇసుక లేచిపోతోందని మళ్లీ దాన్నే పెంచుతున్నారు. మా బాపు బతికినన్నాళ్లూ పత్తి చేలో కలుపు పీకాడు. నేను సముద్రం దాటి వెళ్లి కలుపు నాటుతున్నాను. జీతమిచ్చి మరీ నాటిస్తున్న వాళ్లకు పిచ్చో, నాటుతున్న నాకు పిచ్చో మొదటి ఏడాదంతా తేల్చుకోలేకపోయాను.

ఒక్క సంగతి మాత్రం కళ్లారా చూశాను. గాలి లేచినప్పుడు ఖాళీ నేల మీద ఇసుక ఆగకుండా పోయేది. పొద ఉన్నచోట మాత్రం దాని మొదట్లో ఆగేది. కొన్నాళ్లకు అక్కడ చిన్న దిబ్బ కట్టేది. దాంతో నాకేం పనిలే అనుకున్నాను అప్పుడు.

తిరిగొచ్చాక మా ఆవిడకు ఇదంతా వివరంగా చెప్పాను. అంతా విని, "గంత దూరం పోయి చెట్లకు నీళ్లు పోసొచ్చినవా? ఇంట్ల కరివేపాకు చెట్టు నీళ్లు లేక ఎండిపాయె" అంది. ఆ తర్వాత నేనెవరికీ వివరంగా చెప్పలేదు.

మా ఊరు జమ్మికుంటకు దగ్గరే. పత్తి తప్ప మరో మాట వినపడని ఊరు. మాది తాతల నాటి నుంచీ మిషన్ సంఘం. ఊరి చివర గుట్ట వాలులో మా సంఘానికి సమాధుల తోట ఉంది. తోట అనడమే తప్ప అక్కడ గడ్డిపోచ కూడా మొలవదు. ఎర్ర మొరం నేల. మిగతా ఊరు దాన్ని బొందలగడ్డ అంటుంది. ఎవరి మాట వాళ్లది. బాపు అక్కడే ఉన్నాడు, పై వరసలో. అవ్వ, అంటే మా అమ్మ, పోయేనాటికి పై వరసల్లో జాగా లేక, అట్టడుగు వరసలో, చిట్టచివర పెట్టాం. అప్పటికి ఆ చివర బాగానే ఉంది. తర్వాత రోడ్డు పనికని కింది పొరంబోకు లోంచి జేసీబీ పెట్టి మొరం తోడుకుపోయారు. నిలువునా గోడలాగా తెగింది. అప్పట్నుంచీ వాన పడితే చాలు, పైనుంచి వచ్చిన నీళ్లు ఆ తెగిన అంచును కోసుకుంటూ పోవడం మొదలైంది. చూస్తుండగానే అదొక ఒర్రె అయింది. ఏటేటా పైకి పాకుతోంది. నేను తిరిగొచ్చిన ఏడాది వానలు అయిపోయాక వెళ్లి చూస్తే, ఒర్రె అంచుకూ అవ్వ కాళ్ల వైపుకూ మధ్య నేను పడుకుంటే పట్టేంత జాగా కూడా లేదు.

ఇంకో రెండు గట్టి వానలు పడితే అవ్వ ఒర్రెలోకి వస్తుంది.

సంఘంలో చెప్పాను. మా సంఘపెద్ద నాకు వరసకు పెద్దబాపు అవుతాడు. నీళ్లకు గోడ కట్టాలన్నాడు. గోడంటే రాయి కావాలి, రాయంటే చందా కావాలి, చందా అంటే క్రిస్మస్ పండుగ దాటాలి. అంతలోగా చెట్లు పెడదామన్నారు. అశోక మొక్కలూ కాగితపు పూల కొమ్మలూ తెచ్చి అంచున నాటారు. ప్రార్థన చేశారు, ఫోటో దిగారు. ఎండాకాలం రాకముందే కొన్నింటిని మేకలు తిన్నాయి, మిగిలినవాటిని మొరం తిన్నది. ఎండిన పుల్లల్ని చూస్తూ నిలబడితే నాకు గల్ఫ్‌లోని ఆ పొదా, దాని మొదట్లో కట్టిన దిబ్బా గుర్తొచ్చాయి. అయితే అర్ఫజ్ ఇక్కడెక్కడిది? అక్కడి ఎడారికి అది సొంత మొక్క. మరి మా మొరానికి సొంత మొక్క ఏదో నాకు తెలియలేదు. పరాయి దేశం మొక్క గురించి ఆకు ఆకు చెప్పగలను, మా గుట్ట మీద ఏం మొలిచేదో చెప్పలేను. నా మీద నాకే మండింది.

మా ఆవిడను అడిగితే కూర తరుగుతూ తలెత్తకుండా, "తంగేడు" అంది. "నీళ్లడుగది, మేక ముట్టది, మొరంలనే ఒస్తది. గింత దానికి ఎడారి దాంక పోవాల్నా?"

అయితే తంగేడును ఎవరూ పెట్టరు. అది మొలిస్తే మొలుస్తుంది, అంతే. విత్తనం కోసం చుట్టుపక్కల వెతికాను. నా చిన్నప్పుడు ఏ గట్టు చూసినా తంగేడే. ఇప్పుడు గట్టు దాకా పత్తే, గట్టు మీద గడ్డిమందు. చివరికి రాష్ట్రం సరిహద్దున బోథ్ దగ్గర మా ఆవిడ మేనమామ ఊరికి వెళ్లాం. అక్కడి గుట్టల మీద ఇంకా ఉంది. ఆ ఊళ్లో సగం మంది మరాఠీ మాట్లాడతారు, తంగేడును తర్వడ్ అంటారు. ఎండిన కాయలు కోసి సంచిలో నింపుతుంటే ఒక ముసలాయన ఆగి, దేనికి మందు చేస్తున్నావని అడిగాడు. విత్తడానికి అంటే కాసేపు నన్నే చూసి, మా ఆవిడ మేనమామ వైపు తిరిగి, "పిల్లగాడు మంచిగనే ఉన్నడా?" అన్నాడు. నాకు నలభై దాటాయి. పిల్లగాడనడం బాగుంది గాని మిగతాది బాగాలేదు.

విత్తనం పొట్టు గట్టిది. వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టాను. జూన్ మొదట్లో మిరుగం వానకు, వాలుకు అడ్డంగా అర్ధచంద్రం గుంతలు తీసి, నీళ్లు ఆగేలా కింది వైపు మట్టి కట్టి, గుంతకు నాలుగైదు గింజలు వేశాను. ఎడారిలో నేర్చుకున్న పద్ధతే. గుంతలు ఎక్కువగా అవ్వ చుట్టూ, ఆ అంచు పొడుగునా తీశాను. అప్పుడే అటుగా చిన్నమ్మ వచ్చింది.

చిన్నమ్మంటే మా బంధువు కాదు, మా సంఘమూ కాదు. మా వాడకు ఆనుకుని ఉన్న ఇల్లు వాళ్లది. అవ్వా ఆమే కలిసి పత్తి ఏరారు, కలిసి ముసలివాళ్లయ్యారు, రోజూ పోట్లాడుకున్నారు. అవ్వ పోయినప్పుడు ఆమె మా ఇంటికి రాలేదు. తన గుమ్మంలోనే కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చింది. సమాధుల తోటలోకి ఎప్పుడూ అడుగుపెట్టదు. ఆ రోజు కూడా దారి మీదే నిలబడింది.

"ఏం పెడ్తున్నవ్‌రా?"

"తంగేడు, చిన్నమ్మా."

"ఎవలన్న తంగేడు పెడ్తరారా? రేపు పల్లేరుగాయలు గూడ పెడ్తవా?"

"అవ్వ జారిపోకుండ."

ఆమె ఒర్రె వైపు చూసింది. "మంచిగ లోతు వెట్టు" అని వెళ్లిపోయింది.

మొలిచింది. ఎండాకాలం వస్తే సగం పోయింది, సగం నిలిచింది. రెండో ఏడు వానలకు నడుమెత్తు పెరిగి గుబురు కట్టింది. ఆ ఏడాది వానలు పెద్దగా పడలేదు, ఒర్రె ఉన్నచోటే ఉంది. అది మొక్కల వల్లనో, వాన రాకపోవడం వల్లనో నాకు తెలియదు. అడిగినవాళ్లకు మొక్కల వల్లే అని చెప్పాను. బతుకమ్మ నెల రాగానే పూసింది చూడండి. ఆ ఎర్ర వాలంతా పచ్చని పసుపు. రోడ్డు మీద పోయే బస్సులోంచి కూడా కనబడేది. అన్నేళ్లలో మొదటిసారి అది తోటలా కనిపించింది. నాకు గర్వంగా ఉండేది, సాకు వెతుక్కుని మరీ అటు వెళ్లేవాణ్ని.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దబాపు నన్ను పక్కకు పిలిచాడు.

"గదేంది బిడ్డా, మన సమాధుల మీద బతుకమ్మ పువ్వేంది?"

నిజంగా చెబుతున్నాను, అప్పటిదాకా ఆ ఆలోచనే నాకు రాలేదు. నాకది మన్ను పట్టే పొద. అంతే. ఊరంతా, రాష్ట్రమంతా ఆ పువ్వును చూడగానే బతుకమ్మను తలచుకుంటుందని తెలిసి కూడా నాకు తోచలేదు.

"అది మన్ను కోసం పెట్టిన, పెద్దబాపూ. పువ్వు కోసం కాదు."

"నువ్వు దేనికోసం వెట్టినవో పువ్వుకు ఎర్కనా? చూసేటోళ్లకు ఎర్కనా? మనోళ్లు ఏమనుకుంటరు? అయ్యగారు ఏమనుకుంటరు?"

మా పాస్టరయ్యగారు మనసులో ఏమనుకున్నారో నాకు తెలియదు. ఆయన పైకేమీ అనలేదు. నేను తల గోక్కుంటూ ఇంటికొస్తుంటే చిన్నమ్మ తన గుమ్మంలోంచి పిలిచింది. ఈమె అయినా నా పక్కన ఉంటుందనుకున్నాను.

"బొందలమీద గౌరమ్మ పువ్వు వెడ్తవార నువ్వు? బుద్ధి ఉన్నదా? గా పువ్వు ఇగ దేనికన్న పనికొస్తదా? ఆడపిల్లలు గుట్టమీద తంగేడు లేక ఊరూరు తిరుగుతున్నరు. ఊళ్లె ఉన్నదంత నువ్వు తీస్కపోయి బొందలమీద వెడ్తివి."

"ఊళ్లె ఉన్నది కాదు చిన్నమ్మా, బోథ్‌కెల్లి తెచ్చిన."

"ఏడికెల్లి తెస్తేంది? పెట్టిన జాగ చూడు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నా గొయ్యి మరీ నిజమైనది. మావాళ్లకది ఊరివాళ్ల బతుకమ్మ పువ్వు, ఊరివాళ్లకది మా సమాధుల పువ్వు. ఆ పొద మాత్రం ఎవరినీ అడక్కుండా పూస్తూనే ఉంది. ఎవరు తప్పో నాకు అర్థం కాలేదు. ఇద్దరూ చెప్పింది సబబుగానే తోచింది, అదే నా బాధ.

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున తోట వైపు వెళ్లి చూస్తే ఒక్క పువ్వు లేదు. ఒక్కటంటే ఒక్కటి. కొమ్మలు విరవకుండా, ఒడుపుగా తెంపుకుపోయారు. ఆ సాయంత్రం ఊళ్లో ప్రతి బతుకమ్మ మీదా తంగేడు ఉంది. ఎక్కడిదని అడిగితే ఒకరు జమ్మికుంటలో కొన్నామన్నారు, ఒకరు అత్తగారి ఊరి నుంచి వచ్చిందన్నారు. ఎవరూ నా కళ్లలోకి చూడలేదు. బొందలగడ్డలోంచి తెంపామని వాళ్లెలా చెబుతారు? అలాగని వాళ్లే తెంపారని నేనెలా అనగలను? మా వాడ ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి ఆట చూస్తున్నారు. చప్పట్ల లయకు వాళ్ల పాదాలు కదలడం చూశాను. వాళ్లలోనే ఎవరైనా తెంపి పక్కింటి వాళ్లకు ఇచ్చారేమో అని కూడా అనుమానం వచ్చింది. మా ఆవిడ వైపు చూశాను. "నన్నెందుకు చూస్తున్నవ్?" అంది.

ఈ సంగతి పెద్దబాపు దాకా పోయింది. ఇక ఆయన ఆగలేదు. నవంబరు మొదట్లో మా సంఘమంతా సమాధులకు సున్నం వేసి, కొవ్వొత్తులు పెట్టి ప్రార్థన చేసుకుంటాం. ముందు రోజు అందరూ వెళ్లి శుభ్రం చేస్తారు. ఆ శుభ్రంలోనే తంగేడు కూడా పీకేయాలని తీర్మానమైంది. పండుగ దాటాక రాళ్లు తెచ్చి గోడ కడతామని నాకు మాటిచ్చారు. ఆ మాట అంతకు ముందూ విన్నాను.

నాకు కోపం వచ్చింది. వెళ్లకూడదనుకున్నాను. వేరేవాళ్లు పీకుతుంటే ఇంట్లో కూర్చోలేక వెళ్లాను. చిన్న మొక్కలు తేలిగ్గానే వచ్చాయి. ఒక్కో మొక్క వచ్చినప్పుడల్లా దాంతోపాటు ఇంత మొరం లేచి, గుంత అంచులు రాలి, కిందికి జారిపోయింది. అది అందరూ చూశారు. అలా పీకుతూ అవ్వ దగ్గరికి వచ్చారు. అక్కడి పొద అన్నిట్లోకీ పెద్దది. ఇద్దరు పట్టి లాగారు, రాలేదు. పెద్దబాపే పంచె ఎగ్గట్టి వచ్చాడు. ఊపాడు, ఒరగదోశాడు, తిట్టాడు. అది కదల్లేదు.

"గడ్డపార తే" అన్నాడు.

గడ్డపారతో పొద మొదట్లో రెండు పోట్లు పొడిచాడు. మొరం రాలింది. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తోడాడు. నా మణికట్టంత లావు వేరు బయటపడింది. అది ఒర్రె వైపు పోలేదు, నిటారుగా కిందికీ పోలేదు. ఏటవాలుగా, సమాధి కిందికి దారి తీసింది. పెద్దబాపు ఆ వేరు వెంట చెయ్యి పోనిచ్చాడు. మోచేయి దాకా పోయింది. అక్కడ ఆగాడు. చెయ్యి బయటికి తీసి, మట్టి దులుపుకోకుండా అలాగే కూర్చుండిపోయాడు.

"లోపటికి పోయింది" అన్నాడు.

అందరం నిలబడ్డాం. దాన్ని పీకాలంటే అవ్వను తవ్వాలి. సమాధిని తవ్వడం మావాళ్లలో లేదు, ఎవరిలోనూ లేదు. నేను మన్ను ఆగాలని విత్తనం వేశానే గాని, ఆ వేరు ఎటు పోతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక్క క్షణం నాకు భయం వేసింది, అవ్వను ఏమైనా చేశానా అని. మరుక్షణమే ఎందుకో తెలియని సంతోషం వచ్చింది. ఇక అవ్వ ఎక్కడికీ పోదు. అంతమందిలో ఏడ్చాను.

పెద్దబాపు తోడిన మట్టిని తానే మళ్లీ వేరు మీదికి నెట్టి, అరచేత్తో అదిమాడు. లేచి, ఎవరి వైపూ చూడకుండా, "ఉన్నయి ఉండనీయిండ్రి" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "చెట్టు ఉంటె ఉండనీ. పువ్వు మాత్రం నాకు కనవడద్దు బిడ్డా. పూసినయి పూసినట్టు తెంపెయ్యి."

అలా ఆ పని నా మెడకు పడింది. తర్వాతి ఏడు గట్టి వాన పడింది. తోటకు అవతలి వైపు, మొక్కలు లేనిచోట, అంచు పెద్ద పెళ్లగా విరిగి ఒర్రెలో పడింది. అవ్వ వైపు పడలేదు. తంగేడు ఆపిందని నేనన్నాను, నీళ్లు అటు మళ్లాయని వేరొకరన్నారు. అదీ నిజమే కావచ్చు. అయితే పెద్దబాపు గోడ మాట మళ్లీ ఎత్తలేదు. విరిగిన వైపు కూడా విత్తనం వేయమని ఒకరోజు ఫోన్ చేసి చెప్పాడు, మొహం మీద చెప్పడానికి మొహమాటపడ్డట్టున్నాడు.

బతుకమ్మ నెల వచ్చింది. ఆదివారం ఆరాధనకు ముందే పూలన్నీ తెంపాలి. శనివారం గంప పట్టుకుని వెళ్లాను. తెంపడం అయ్యాక గంప నిండింది. ఇక వీటినేం చేయాలో పెద్దబాపు చెప్పలేదు. ఒర్రెలో పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంటికి తీసుకెళ్తే మావాళ్లు ఊరుకోరు, ఊళ్లో పంచితే వాళ్లు ఊరుకోరు. గంపతో తోట బయట దారి మీద అయోమయంగా నిలబడ్డాను. అప్పుడు చిన్నమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసింది.

"గీ గంపల మీ అవ్వ దగ్గరి పువ్వులు ఏవిరా?"

నాకు అర్థం కాలేదు. "బొందలమీది పువ్వు పనికిరాదంటివి గద చిన్నమ్మా?"

"బొందలమీదియి పనికిరావు. నేను మీ అవ్వయి అడుగుతున్న." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "పోయినేడు గూడ మీ అవ్వ దగ్గరియే తెంపిన. తక్కినయి ఎవలు తెంపిండ్రో నాకెర్క లేదు."

"నువ్వు తోట్లెకు పోయినవా?"

"పోకుంటె ఎట్ల తెంపుత?"

గంపలోకి చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. అవ్వ పొదవి అడుగున ఉన్నాయో, మధ్యలో ఉన్నాయో, ఎంత వెతికినా పోల్చడం నా వల్ల కాలేదు. "అన్ని కలిపేసిన చిన్నమ్మా, ఏయో తెలుస్తలేదు" అన్నాను.

"కలిపినవా?" నన్ను కోపంగా చూసింది. "అయితే అన్ని నాకే గావాలె" అని గంప ఎత్తి నెత్తిన పెట్టుకుంది. నేను పట్టబోతే చెయ్యి తోసేసింది. బరువుకు కొంచెం తూలింది గాని, ఇల్లు చేరేదాకా ఎక్కడా దించలేదు.